ఎప్పటిదాకా బాగుంది?

పదింటికి బాగానే ఉందండీ, అన్నాడు మరిది. డాక్టరమ్మాయి మొహంలోకి చూసి అనలేదు, ఆ పిల్ల మెడలో వేలాడుతున్న కార్డుకేసి చూస్తూ అన్నాడు. పెద్దది అక్కడే పట్టుకుంది. నిజం చెప్పేవాడికి కార్డుతో ఏం పని? పైగా పదట. తొమ్మిదీ యాభై కాదు, పదీ ఐదు కాదు, పది. జరిగింది జరిగినట్టు చెప్పేవాళ్ళకి గంటలింత గుండ్రంగా రావు, కూర్చుని అల్లినవాళ్ళకే వస్తాయి. పంతొమ్మిదేళ్ళుగా నిమిషాలు రాసే ఉద్యోగం చేస్తోంది, ఆ మాత్రం తెలీదా తనకి? డాక్టరమ్మాయి మాత్రం చేతిలో కాగితం మీద పది అని రాసేసుకుంది. రాసుకుని, దాని చుట్టూ సున్నా కూడా చుట్టింది. చెప్పేవాడు చెప్పాడు, రాసుకునేది రాసుకుంది, మధ్యలో పెద్దది నోరు మూసుకుని నిలబడింది. ఎందుకు నిలబడిందో దాని మనసుకి తెలుసు, కానీ ఆ సంగతి ఇప్పుడే తియ్యద్దు అనుకుని వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

పెద్దది అంటే యాభై ఒక్కేళ్ళ మనిషి. జుట్టు నెరిసినా, మోకాళ్ళు పట్టేసినా ఇంట్లో ఆమె పెద్దదే. లోపల స్కాన్ గదిలో బల్ల మీద పడుకున్నది చిన్నది, నలభై మూడేళ్ళది, అక్క తరవాత అమ్మకి పుట్టిన ఒక్కగానొక్క చెల్లెలు. పదకొండూ ఇరవైకి కింది వాటాలో టైలరమ్మ తన మిషను మీద పైనుంచి నీళ్ళు కారుతున్నాయని తిట్టుకుంటూ మెట్లెక్కింది. తలుపు దగ్గరేసి ఉంది, వంటింట్లో కుళాయి తిప్పినది తిప్పినట్టే ఉంది, చిన్నది నేల మీద ఉంది. మూతి ఓ పక్కకి పోయింది, కుడిచెయ్యి దానిది కానట్టు పక్కన పడి ఉంది. టైలరమ్మ చిన్నదాని మొగుడికి, అంటే మరిదికి ఫోను చేసింది, మరిది పెద్దదానికి చేశాడు, పన్నెండు కొట్టేలోపు అందరూ ఈ వరండాలో ఉన్నారు. డాక్టరమ్మాయి గబగబా, కానీ పొల్లు పోకుండా చెప్పింది: తలలో రక్తం గడ్డ కట్టి నరం మూసుకుపోయినట్టుంది, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది, మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తే మనిషి మనిషిలా లేచే అవకాశం ఉంది, దాటాక ఇస్తే తలలోనే రక్తం కారి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే అడుగుతున్నాను, అంది. ఆవిణ్ణి ఆఖరుసారి బాగా ఉండగా చూసిందెవరు, ఎప్పుడు? దానికే మరిది పదింటికన్నాడు.

పదికి నాలుగున్నర కలిపితే రెండున్నర. ఇంకా బోలెడు టైముంది. అలా ఉండాలనే పది అన్నాడా? ఎదురు బెంచీ మీద కూర్చున్న మనిషిని పెద్దది పైనుంచి కిందికి చూసింది. లిఫ్టులు బాగుచేసే మనిషి. బులుగు యూనిఫారం, మోచేతుల దాకా గ్రీజు, నడుముకి స్పానర్ల సంచీ, ఒళ్ళో మూత తియ్యని టిఫిన్ డబ్బా. డ్యూటీ ఎనిమిదింటికి. ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కినవాడు పదింటికి ఇంట్లో పెళ్ళాన్ని ఎలా చూశాడు? ఆ మాటే అడిగితే, స్పానర్ల సంచీ మర్చిపోయి వెనక్కి వచ్చాను వదినా, అన్నాడు. అంటే ఎనిమిది నుంచి పది దాకా ఒట్టి చేతులతో లిఫ్టులు బాగుచేశాడా, గోళ్ళతోనా? అబద్ధం చెప్తే అతికినట్టుండాలి అంటారు. ఈ అబద్ధానికి అతుకూ లేదు, బొంతా లేదు. ఇంట్లో ఏదో జరిగింది. గొడవ పడ్డారేమో, తోశాడేమో, చిన్నది పడితే తలకి తగిలిందేమో. ఛ, తలకి దెబ్బేమీ లేదని డాక్టరమ్మాయి వెతికి మరీ చెప్పింది కదా. అయినా ఇరవయ్యేళ్ళలో ఈ మనిషి గొంతు పెంచగా ఒక్కసారి విన్లేదు తను. గొంతు పెంచని మొగుణ్ణి నమ్మకూడదు అనేది అమ్మ, వాడి కోపం ఎక్కడ దాచుకుంటాడో తెలీదు అని. అమ్మ మాత్రం ఎవర్ని నమ్మింది గనక, పాలవాణ్ణి, పక్కింటివాళ్ళని, చివరికి తన థర్మామీటర్ని కూడా నమ్మక రెండోది కొనుక్కొచ్చింది. ఆ అనుమానం పెద్దదానికి అచ్చంగా వచ్చింది. చిన్నదానికి చుక్కంత కూడా రాలేదు. చిన్నది అందరినీ నమ్ముతుంది, ఎవరేం చెప్తే అది. అక్క చెప్తే మరీను.

ఆ మాట దగ్గర పెద్దది ఫోను తీసి చూసుకుంది. పన్నెండూ ఐదు. టైము చూసుకోవడానికే తీశానని తనకి తనే చెప్పుకుంది గానీ వేలు దానంతట అది జరిగి వచ్చిన కాల్స్ దగ్గర ఆగింది. చిన్నది. పొద్దున్న ఎనిమిదీ పది. రెండు నిమిషాల నలభై సెకన్లు. వెంటనే ఫోను తిరగేసి ఒళ్ళో పెట్టుకుంది, మరిది చూస్తాడేమోనని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఎనిమిదీ పదికి నాలుగున్నర కలిపితే పన్నెండూ నలభై. ఇంకా ముప్ఫై ఐదు నిమిషాలు. ఆ లెక్క నిలబడ్డప్పుడే చేసేసింది. డాక్టరమ్మాయి పది చుట్టూ సున్నా చుడుతున్నప్పుడే చేసి, మింగేసింది.

ఎనిమిదీ పదికి చిన్నది ఏమంది? అక్కా, అంది. అది సరిగ్గానే అంది. ఆ తరవాత, నా గిన్నె నిద్రపోతోందే, అంది. కుడి గిన్నె, మాట వినట్లేదు, కిటికీ పొయ్యి మీద ఉంది, తీస్తే రావట్లేదు. గొంతు నాలిక మందమైనట్టుంది, మధ్యలో చిన్నగా నవ్వింది కూడా. పెద్దది అప్పుడు బస్సులో నిలబడి ఉంది, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఎవరిదో మోచెయ్యి పక్కటెముకల్లో. ఇవాళ ల్యాబులో ఎలకల బోన్లన్నీ ఉడుకునీళ్ళతో కడిగించే రోజు, లేటైతే పనివాళ్ళు టీకి పోతారు, దాని ధ్యాస దానిది. రాత్రి నిద్రపోలేదా నువ్వు, అంది. చిన్నది ఏదో అంది, పో... పో... అని ఆగిపోయింది. నీ హార్మోన్ల గోలతో చస్తున్నానే, కాసేపు పడుకో, సాయంత్రం వస్తాను, అంది పెద్దది. సరే, అంది చిన్నది. ఎంత బుద్ధిగా అంది. ఎంత స్పష్టంగా అంది ఆ ఒక్క మాట. ఆ సరే విని అంతా బాగానే ఉందనుకుంది పెద్దది. అనుకుందా, అనుకోవాలని అనుకుందా? తన మాట తనే నమ్మకపోతే ఇంక ఎవర్ని నమ్ముతుంది.

వదినా, ఒక మాటడగనా, అన్నాడు మరిది ఉన్నట్టుండి. ఏం కోపగించుకోరుగా. మీ ల్యాబు నుంచి దానికేమైనా మందులు తెచ్చిచ్చారా?

పెద్దదానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం మందులు, ఎలకల మందా, అంది. ఆ మనిషి తల దించుకుని డబ్బా మూత మీద గ్రీజు మరక తుడవడం మొదలెట్టాడు, తుడిచేకొద్దీ ఆ మరక పెద్దదవుతోంది. చూశావా, తన మీదికి రాకుండా ముందే ఎదుటివాళ్ళ మీదికి తోసేస్తున్నాడు. ఆయనకి తన మీద అనుమానం, తనకి ఆయన మీద అనుమానం, మధ్యలో మూతి పక్కకి పోయి ఆ వెర్రిబాగులది లోపల ఒక్కతే. ఎలకల మందు కాదు గానీ ఎలకల మంత్రసాని అని మాత్రం తనని ల్యాబులో అందరూ అంటారు. ఆ పేరు రావడానికి కూడా ఒక కథుంది.

మొదటి పదేళ్ళూ మగ ఎలకలే. మెదడులో నరానికి సన్నటి దారం అడ్డుపెట్టి, గంటాగి తీసి, ఏ భాగం చచ్చిందో ఏ భాగం బతికిందో చూసే ప్రయోగాలు. మత్తిచ్చేది, బరువు చూసేది, దారం పెట్టిన నిమిషం తీసిన నిమిషం రాసేది, తరవాత సాకేది పెద్దది. ఆడవి ఎందుకు వద్దండీ అని ఒకసారి అడిగింది పెద్దాయన్ని, అంటే ల్యాబు నడిపే సైంటిస్టుని. ఆడవాటితో లెక్క కుదరదమ్మా, నాలుగు రోజులకోసారి వాటి ఒంట్లో హార్మోన్లు ఎక్కి దిగుతాయి, నా గ్రాఫులు పాడుచేస్తాయి, అన్నాడాయన. ఆయన గ్రాఫులు పాడవకుండా సగం లోకాన్ని తలుపు బయట నిలబెట్టాడన్నమాట. ఆ మందులు మింగేవాళ్ళలో ఆడవాళ్ళు లేరా, వాళ్ళ తలకాయల్లో ఉన్నది మెదడు కాదా? అప్పుడు తనకి తోచలేదు, నవ్వి ఊరుకుంది. తరవాత పైనుంచి ఆర్డరొచ్చింది, సగానికి సగం ఆడవి ఉండాల్సిందేనని. అప్పుడు మొదలైంది అసలు చాకిరీ. పొద్దున్నే ఒక్కోదాన్ని పట్టుకుని, ఒక్క చుక్క ఉప్పునీటితో తుడిచి, గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపులో చూసి ఆ నాలుగు రోజుల్లో ఇవాళ ఇది ఏ రోజులో ఉందో రాయాలి. గుండ్రటి కణాలుంటే ఒక రోజు, ఎండుటాకుల్లాంటివుంటే ఇంకో రోజు. మగవాళ్ళెవరూ ముందుకి రాలేదు. అక్కయ్యకైతే తెలుస్తుంది అన్నారు, ఏదో తనకీ తోకున్నట్టు.

కానీ ఆ ముక్కలు. మెదడుని పలచగా కోసి రంగులో ముంచితే బతికున్న భాగం ఎర్రగా అవుతుంది, చచ్చిన భాగం తెల్లగా మిగిలిపోతుంది. మగవాటిలో ఒక పక్కంతా సున్నం కొట్టినట్టు తెలుపు. వయసులో ఉన్న ఆడవాటిలో అదే దారం, అదే గంట, తెలుపు మాత్రం చిన్న బిళ్ళంత. పెద్దదానికి ఆ రోజు ఎందుకో కన్నీళ్ళొచ్చినంత పనైంది. చూశారా మా వాళ్ళని, అంది బోన్లు కడిగే ఆవిడతో. ఏదో కాపాడుతోంది వాటిని లోపలినుంచి, అంది. అదేమిటో కూడా త్వరలోనే తేలింది. కొన్ని ఆడవాటికి అండాశయాలు తీసేసి అదే దారం పెట్టారు. తెలుపు మగవాటంత అయింది. కొన్ని ముసలి ఆడవాటికి పెట్టారు, అది ఇంకా ఘోరం. అప్పట్నుంచి గదిలో నాలుగు వరసలు, బోనుకో రంగు కార్డు. మగవాటికి తెలుపు, ఆడవాటికి ఆకుపచ్చ, అండాశయాలు తీసేసినవాటికి పసుపు, ముసలివాటికి బూడిదరంగు. ఆకుపచ్చ కార్డు వరస దగ్గరికొస్తే పెద్దదానికి ప్రాణం తేలికయ్యేది. మీకేం భయం లేదర్రా, అనేది వాటితో.

ఒక కార్డు తప్పు పడిందంటే ఆరు నెలల పని బూడిదలో పోసిన పన్నీరు. ఒకసారి కొత్తగా చేరిన కుర్రది పసుపు కార్డు బోనుకి ఆకుపచ్చ తగిలిస్తే పెద్దది దాన్ని నలుగురిలో నిలబెట్టి దులిపేసింది. కళ్ళు నెత్తికెక్కాయా, బయటికి చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, కడుపు మీద కుట్టు చూసుకోవాలని తెలీదా, అని.

కుట్టు.

లోపల మిషను చేస్తున్న చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. పెద్దది రెండు చేతులూ బెంచీ అంచుకి ఆనించి పట్టుకుంది. రెండేళ్ళ కిందట చిన్నదానికి నెలకి ఇరవై రోజులు రక్తం పోయేది, మొహం పాలిపోయింది, మెట్లెక్కితే ఆయాసం. గర్భసంచీతో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మళ్ళీ మళ్ళీ గొడవుండదు అంది ఆడవాళ్ళ డాక్టరు. చిన్నది వెంటనే అక్కకేసి చూసింది. మీకు తెలుసు కదా వదినా ఇలాంటివన్నీ, మీరే చెప్పండి, అన్నాడు మరిది. తీసేయించుకోవే, పీడా విరగడవుతుంది, అంది పెద్దది. తీసేశారు. మంచం పక్కన కూర్చుని ఆ కుట్టుకి తనే మందు రాసింది. నిజానికి పోయిన పీడ పోయింది, చిన్నది కోలుకుంది, మొహం రంగు తిరిగింది. అప్పుడు తీసెయ్యడం తప్పని కూడా ఇప్పుడు అనడానికి లేదు. కానీ పోయిన వారం. పోయిన వారం భోజనాల దగ్గర చిన్నది, అక్కా, నిన్న ఓ పది నిమిషాలు కుడిచెయ్యి పూర్తిగా మొద్దుబారిపోయిందే, పెన్ను పట్టుకుంటే జారిపోయింది, మళ్ళీ అదే సర్దుకుంది, అంది. మర్నాడు ఆడవాళ్ళ డాక్టరుకి చెప్తే ఈ వయసులో మామూలే, హార్మోన్లు, బాగా నిద్రపో అందిట, కానీ ముందు అడిగింది అక్కనే. నువ్వేమంటావు, అంది. పెద్దది నవ్వింది. నలభై మూడేళ్ళదానివి, ఆడదానివి, మా ఆడవాటికి ఈ వయసులో ఏమీ కాదు, అంది. ఎంత ధీమాగా అంది. పంతొమ్మిదేళ్ళు ఎలకల్ని చూసిన దాని మాట, చిన్నది నమ్మకేం చేస్తుంది, నమ్మింది, పళ్ళెం కడగడానికి లేచింది.

చెల్లెలికి ఆకుపచ్చ కార్డు తగిలించింది. కుట్టుకి తన చేత్తో మందు రాసిన చెల్లెలికి. ఆ కుర్రదాన్ని దులిపేసిన నోటితోనే.

ఇక్కడిదాకా వచ్చాక పెద్దదానికి మరిది మీద అనుమానం అలాగే ఉంది గానీ దానికి పక్కన ఇంకో మనిషి వచ్చి కూర్చుంది, ఆ మనిషి తనే. నువ్వెందుకు నోరు మూసుకున్నావు, అని అడుగుతోంది ఆ మనిషి. చెల్లెలికి ఇంజెక్షన్ దక్కాలనా, నీ ఫోను సంగతి ఎవరికీ తెలియకూడదనా? రెండూనా? రెండిట్లో ఏది ముందు? పది అని రాసి ఉంటే రెండున్నర దాకా తలుపు తెరిచి ఉంటుంది, ఇంజెక్షన్ పడుతుంది, చిన్నది లేచి కూర్చుంటుంది, పొద్దున్న ఎవరితో మాట్లాడిందో దానికే గుర్తుండదు. తప్పూ తెలియదు, మనిషీ దక్కుతుంది. ఎంత బాగుంది. ఇంత బాగుండే లెక్కని పెద్దది జన్మలో నమ్మలేదు, ఇవాళ ఎందుకు నమ్ముతుంది? ఎలకలకైతే ఆ దారం మేమే పెడతాం, గంట మేమే మొదలుపెడతాం, నిమిషం తప్పు పోయే ప్రశ్నే లేదు. మనిషికి ఎప్పుడు మొదలైందో పక్కనున్నవాళ్ళు చెప్పాలి. పక్కనున్నవాళ్ళు ఇలాంటివాళ్ళు.

దానికి తోడు ఆ బ్యాచి గుర్తొచ్చింది. గడ్డ కరిగించే మందు ఆలస్యంగా ఇస్తే ఏమవుతుందో చూద్దామని పెద్దాయన చేసిన బ్యాచి, ఎనిమిది ఎలకలు. ఐదు తెల్లారేసరికి చచ్చాయి. ముక్కలు కోసి పళ్ళెంలో పేర్చింది తనే. వాటిలో ఎరుపూ లేదు, తెలుపూ లేదు, నల్లగా గడ్డకట్టిన రక్తం, మెదడు ఆకారమే లేదు కొన్నిటికి. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇప్పుడు ఆ పళ్ళెం కళ్ళముందుకొచ్చి కదలకుండా నిలబడింది. ఇంజెక్షన్ పన్నెండున్నరకి పడుతుందా, ఒంటిగంటకి పడుతుందా, పది అని రాసుకున్నవాళ్ళకి తొందరేముంది, నిమ్మదిగా ఇస్తారు, రెండింటికి ఇస్తారు. ఎనిమిదీ పది అని తెలిస్తే పరిగెత్తుతారు, టైము దాటితే ఆపుతారు. ఏది చేసినా తెలిసి చేస్తారు. తెలియక చేస్తే చంపేది వాళ్ళు కాదు.

ఫోను పన్నెండూ పద్దెనిమిది చూపిస్తోంది. స్కాన్ గది తలుపు తీసుకుని డాక్టరమ్మాయి వచ్చింది. తలలో రక్తస్రావం లేదండీ, మంచిదే, ఇంజెక్షన్ సిద్ధం చేయిస్తున్నాను, ఇక్కడ సంతకం పెట్టండి, అని మరిది చేతికి కాగితం ఇచ్చింది. మరిది పెన్ను పట్టుకున్నాడు గానీ పెట్టలేదు. గ్రీజు వేళ్ళ మధ్య పెన్ను అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఏం, నువ్వు చెప్పిన పదే కదా, పెట్టవేం, అనుకుంది పెద్దది, అనుకుంటూనే లేచింది. మోకాళ్ళు రెండూ ఒకేసారి చప్పుడు చేశాయి.

ఆగమ్మా, అంది. పది కాదు. ఎనిమిదీ పదికి నాతో ఫోన్లో మాట్లాడింది. అప్పటికే మాట తేడాగా ఉంది. చెయ్యి అనాల్సినచోట గిన్నె అంది. నాకు తెలిసుండాలి, నేను ఎలకల్లో ఇదే పని చేస్తాను, నాకే తెలిసుండాలి. నేను పడుకోమన్నాను.

డాక్టరమ్మాయి కాగితం వెనక్కి తీసుకుంది. చివాట్లు పెడుతుందేమో అనుకుంది పెద్దది, పెడితే బాగుండును అనుకుంది. ఆ పిల్ల గడియారం చూసుకుని, ఎనిమిదీ పది అయితే ఇంకా ఇరవై నిమిషాలుంది, ఇవ్వచ్చు, కచ్చితమేనా, దానికి ముందు బాగానే ఉందా, అంది.

పెద్దది నోరు తెరిచేలోపు మరిది లేచాడు. ఒళ్ళో డబ్బా కింద పడింది, తియ్యలేదు. కాదండీ, అన్నాడు. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి ఆ గొంతు పెరిగింది. ఆరింటికి లేచినప్పుడు బాగానే ఉంది. ఆరున్నరకి టీ ఇస్తుంటే కప్పు చేతిలోంచి జారిపోయింది. రెండోసారి ఎత్తబోతే మళ్ళీ జారింది. మూతి కూడా అదోలా ఉందనిపించింది నాకు. ఏమైందన్నాను. తెలీదంది. మళ్ళీ మొదలయ్యాయా నీ హార్మోన్లు అని నవ్వాను, అదీ నవ్వింది, నేను డ్యూటీకి వెళ్ళిపోయాను. మళ్ళీ రాలేదు. పదింటికి నేను ఇరవయ్యో అంతస్తులో లిఫ్టు మీద కూర్చుని ఉన్నాను. టైలరమ్మ ఫోను చేశాక ఆటోలో వస్తూ ఫోన్లో వెతికాను, నాలుగున్నర గంటలని ఉంది. వెనక్కి లెక్కపెట్టుకున్నాను. ఆరున్నర అంటే మీరు ఇంజెక్షన్ ఇవ్వరు కదండీ. అందుకని.

పెద్దది ఆ మనిషికేసి చూసింది. ఇంతసేపూ ఈ మొహంలో తను ఏం వెతికింది? దోషం ఉంటుందని వెతికింది, ఉంది కూడా, తన మొహంలో ఉన్నదే, మొగవాడి మొహం మీద. ఇద్దరూ ఒకే మాట అని వెళ్ళిపోయారు దాన్ని వదిలేసి. కాకపోతే ఆయన పెళ్ళాం కోసం అబద్ధం చెప్పాడు, తను తన కోసం నోరు మూసుకుంది. ఈ తేడా ఎవరికీ తెలియకపోవచ్చు, తనకి తెలుసు. వంగి డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది.

డాక్టరమ్మాయి కాగితం మీది పదిని కొట్టేసింది. ఆరు, అంది. అంటే ఇంజెక్షన్ లేదు. పది నమ్మి ఇచ్చుంటే ఏమయ్యేదో... సరే. ఇంకో దారి ఉంది. ఏ భాగం పోయిందో, ఏది ఇంకా బతికుందో చూసే స్కాన్ ఒకటి తీస్తాను. మూసుకుపోయింది పెద్ద నరమైతే, కాపాడుకోవాల్సింది ఇంకా మిగిలుంటే, తొడ దగ్గర నుంచి సన్నటి తీగ పంపించి గడ్డని లాగేస్తారు. దానికి టైము కాస్త ఎక్కువుంటుంది. మాట ఇవ్వలేను. అని లోపలికి పరిగెత్తింది. ఆ పిల్ల పరిగెత్తడం చూసి పెద్దదానికి మొదటిసారి ఆమె మీద నమ్మకం కుదిరింది. తరవాతి పావుగంటా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఉంది, బతికున్నది చాలానే ఉంది, తీసుకెళ్తున్నాం, అని డాక్టరమ్మాయి తలుపులోంచే చెప్పేదాకా పెద్దది ఆ తలుపు మీంచి కళ్ళు తియ్యలేదు.

చక్రాల మంచం మీద చిన్నదాన్ని తెచ్చారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అక్కని చూసి ఎడమచెయ్యి ఎత్తింది, మూతి కదిపింది, మాట రాలేదు. మళ్ళీ కదిపింది. ఏదో చెప్పాలనే తాపత్రయం కళ్ళలో తెలుస్తోంది, కోపమా, భయమా, దాహమా ఏమో. పెద్దది ఆ చెయ్యి పట్టుకుని మంచంతో పాటు నడిచింది. చెప్పవే, వింటున్నాను, తొందరేం లేదు, అంది. చిన్నది చెప్పలేకపోయింది. రెండో తలుపు దగ్గర ఇంక రాకూడదన్నారు. మరిది ఒక పక్క, పెద్దది ఒక పక్క నిలబడిపోయారు, తలుపులు వాటంతట అవే మూసుకున్నాయి.

నర్సు ఒకావిడ కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది. సంతకాలయ్యాక, ఇంకొక్కటేనమ్మా, అంది. ఇంతకు ముందు ఎప్పుడైనా తిమ్మిరెక్కిందనో, మాట తడబడిందనో, ఇలాంటి ఇబ్బంది ఏదైనా ఉందని ఆవిడ ఎవరికైనా చెప్పిందా?

మరిది పెద్దదానికేసి చూశాడు.

చెప్పింది, అంది పెద్దది. రాసుకోండి. ఈయనకి చెప్పింది, ఆడవాళ్ళ డాక్టరుకి చెప్పింది, నాకు చెప్పింది.

ఇక్కడ ఒక్కరికే చోటుందమ్మా, అంది నర్సు. అందరికంటే ముందు ఎవరికి చెప్పింది?

నాకే, అంది పెద్దది. దానికి ఏమైనా మొదట నాకే చెప్తుంది.